మురుగు కాలువకూ మంచినీటికీ ప్రభుత్వ సొమ్ము: ఏ అర్జీ ఎక్కడ పెట్టాలి?

మన సంఘం గత రెండు సర్వసభ్య సమావేశాల్లోనూ ఒకే మాట వినిపించింది. "కేంద్రం నీళ్లకు లక్షల కోట్లు ఇస్తోందని పేపర్లో చదువుతున్నాం. మన వీధికి ఇంకా యూజీడీ లేదు, బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉన్నాయి. సంఘం తరఫున ఒక అర్జీ పడేస్తే ఏం పోతుంది, కార్యదర్శి గారూ?" అని. అడిగినవాళ్లలో నలభై ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటున్న పెద్దలున్నారు, ఇప్పుడిప్పుడే మనవలను ఎత్తుకుంటున్న అమ్మలున్నారు. అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాం. ఆ తర్వాత నాలుగు ఆఫీసులు తిరిగి, పథకాల కాగితాలు చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ముందు అసలు జవాబు చెప్పేస్తాం. డబ్బు ఉంది, చాలానే ఉంది. కానీ పెద్ద పథకాల్లో ఏదీ ఒక సంఘానికో, ఒక లేఔట్‌కో, ఒక అపార్ట్‌మెంట్‌కో నేరుగా ఇవ్వదు. అది వాటర్ బోర్డుకో, నగర పాలికెకో, పల్లెలో అయితే గ్రామ పంచాయతీకో వెళుతుంది. అక్కడ తయారయ్యే పనుల జాబితాలో మన వీధి పేరు ఎక్కిందా లేదా అన్నదే మనం చూసుకోవాల్సింది. నేరుగా మన చేతికి కాకపోయినా మన అర్జీకి కదిలే చిన్న నిధులు రెండు మూడు ఉన్నాయి. వాటి సంగతీ చెబుతాం.

ఇది తెలియక మేము ఒకసారి దెబ్బ తిన్నాం. కొన్నేళ్ల కిందట ఒక మధ్యవర్తి వచ్చి, కేంద్ర పథకంలో మురుగు శుద్ధి యంత్రానికి గ్రాంటు ఇప్పిస్తానని, ప్రాజెక్టు రిపోర్టు రాయడానికి మాత్రం ఫీజు ఇవ్వమని అడిగాడు. పది ఇళ్లవాళ్లం తలా కొంత వేసి ఇచ్చాం. రిపోర్టు బ్రహ్మాండంగా వచ్చింది, రంగుల అట్టతో సహా. దాన్ని తీసుకునే ఆఫీసే లేదు. జీవితమంతా ఫైళ్లు మోసిన గుమాస్తాలం, "ఈ ఫైలు ఏ సెక్షన్‌కి వెళుతుంది?" అని ఒక్క ప్రశ్న అడగకుండా డబ్బు ఇచ్చామంటే సిగ్గుగానే ఉంది. ఇప్పటికీ అలాంటివాళ్లు లేఔట్లలో తిరుగుతున్నారని వింటున్నాం. గ్రాంటు తెప్పిస్తామని ముందుగా డబ్బు అడిగితే నమ్మకండి.

ఈ ఊరికి నీళ్లు ఎలా వచ్చాయో ఒకసారి తలచుకుంటే డబ్బు దారి కూడా అర్థమవుతుంది. పాత బెంగళూరు చెరువుల మీద బతికింది. ఇప్పుడు మెజెస్టిక్ బస్టాండు ఉన్న చోట ధర్మాంబుధి చెరువు ఉండేదని మన పెద్దలు చెప్పేవారు. 1890లలో హెసరఘట్ట నుంచి గొట్టాల నీళ్లు, 1930లలో తిప్పగొండనహళ్లి నీళ్లు వచ్చాయి. తిప్పగొండనహళ్లి వెనక మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి చెయ్యి ఉంది. మోక్షగుండం మన పాత ప్రకాశం జిల్లాలో ఊరని ఈ పేజీ చదివేవాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు. 1964 చట్టంతో వాటర్ బోర్డు ఏర్పడింది. 1974లో కావేరి మొదటి దశ నీళ్లు అందాయి. అంతవరకూ ఖర్చంతా సర్కారు చూసుకునేది, జనం బిల్లు కట్టేవారు.

లెక్క మారింది 2000 తర్వాత. బొమ్మనహళ్లి, మహదేవపుర, కె.ఆర్.పురం, బ్యాటరాయనపుర, యలహంక, దాసరహళ్లి, రాజరాజేశ్వరి నగర్, కెంగేరి అప్పుడు విడివిడి పురసభలు. మనవాళ్లు చాలామంది స్థలం చవకని అక్కడే కొనుక్కున్నారు. ఆ ఎనిమిదింటికీ కావేరి నీళ్లు ఇవ్వడానికి ఒక పథకం వేశారు. డబ్బు మాత్రం మూడు నాలుగు చోట్ల నుంచి పోగు చేశారు. 2005లో ఆ పురసభలన్నీ కలిపి ఒక పూల్డ్ ఫండ్ పేరుతో 100 కోట్ల రూపాయల బాండ్లు అమ్మారు. వాటికి అమెరికా సంస్థ యూఎస్‌ఎయిడ్ సగం వరకు హామీ ఇచ్చింది. కొంత సర్కారు వాటా. మిగతాది ఇళ్లవాళ్ల నుంచే, స్థలం కొలతను బట్టి వేల రూపాయల్లో వసూలు చేశారు. "కొళాయి రాకముందే డబ్బు కట్టమంటారా?" అని అప్పట్లో పెద్ద గొడవే జరిగింది. కట్టినవాళ్లలో చాలామంది గొట్టం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. ఆ రసీదులు ఇంట్లో ఎక్కడో ఉంటాయి. పారేయకండి, కనెక్షన్ లెక్కలు తేల్చేటప్పుడు తీసుకెళ్లి చూపించండి. 2007లో ఆ పురసభలూ, చుట్టుపక్కల 110 పల్లెలూ కలిసి బీబీఎంపీ అయ్యాయి.

ఆ 110 పల్లెలకు నీళ్లు తెచ్చినదే కావేరి అయిదో దశ. 2024 అక్టోబరు 16న తొరెకాడనహళ్లిలో ప్రారంభించారు. రోజుకు 775 మిలియన్ లీటర్లు, అంటే 77 కోట్ల 50 లక్షల లీటర్లు. దీనికి ప్రధానమైన డబ్బు జపాన్ సంస్థ జైకా ఇచ్చిన అప్పు. 2018 జనవరిలో 4,500 కోట్ల యెన్‌ల వరకు ఒప్పందం కుదిరింది. గ్రాంటుకూ అప్పుకూ తేడా ఇక్కడే గమనించాలి. అప్పు తెచ్చిన ప్రతి పథకమూ ఏదో ఒక రోజు మన బిల్లులోకి వస్తుంది. 2014 తర్వాత పదకొండేళ్లు పెంచని నీటి ధరను 2025 ఏప్రిల్‌లో పెంచారు. ఏటా కొంచెం కొంచెం పెంచుతామనీ చెప్పారు. పెంపును తిట్టుకోవడం తేలికే. కానీ 2024 వేసవిలో ట్యాంకర్ కోసం రాత్రి పన్నెండు దాకా గేటు దగ్గర కూర్చున్నవాళ్లం, బోర్డు నీళ్లు చవక అని మాత్రం ఒప్పుకోవాలి. ఆ వేసవిలో నగరంలోని సుమారు 14 వేల సర్కారు బోర్లలో దాదాపు సగం ఎండిపోయాయని ప్రభుత్వమే చెప్పింది.

ఇక కేంద్రం డబ్బు సంగతి. అందరి నోటా వినిపించేది అమృత్. దాని రెండో విడత 2021 అక్టోబరు 1న అయిదేళ్లకు మొదలైంది. మొత్తం అంచనా 2,99,000 కోట్లు. పేపర్లో పెద్ద అక్షరాలతో వచ్చేది ఈ అంకె. అందులో కేంద్రం వాటా 76,760 కోట్లు. మిగతాది రాష్ట్రాలూ స్థానిక సంస్థలూ వేసుకోవాలి. ఊరు పెద్దదయ్యే కొద్దీ కేంద్రం వాటా తగ్గుతుంది. లక్ష లోపు జనాభా ఉన్న ఊరికి సగం, లక్ష నుంచి పది లక్షల మధ్య ఊరికి మూడో వంతు, పది లక్షలు దాటిన ఊరికి నాలుగో వంతు. అంటే బెంగళూరులో వంద రూపాయల పనికి కేంద్రం ఇచ్చేది పాతిక రూపాయలు. మంచినీటి సరఫరా, మురుగునీటి శుద్ధి, శుద్ధి చేసిన నీళ్లను తిరిగి వాడుకోవడం, చెరువుల బాగు, ఇవన్నీ అందులో వస్తాయి. పనుల ప్రతిపాదన నగరం నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి ఢిల్లీకి వెళుతుంది. ఈ వరసలో సంఘం సంతకానికి చోటు లేదు.

స్వచ్ఛ భారత్ రెండో విడత గురించి ఒక అపోహ ఉంది. వాడిన నీళ్ల శుద్ధికి అందులో డబ్బు ఉన్న మాట నిజం. అయితే అది లక్ష లోపు జనాభా ఉన్న పట్టణాలకు. బెంగళూరుకు కాదు. ముళబాగిలు, పుంగనూరు, పలమనేరు లాంటి సొంత ఊళ్లలో ఇల్లు ఉన్నవాళ్లు అక్కడి పురసభలో అడగవచ్చు. ఇక్కడ దాని పేరు చెప్పి అర్జీ పెడితే గుమాస్తా నవ్వి పక్కన పెడతాడు.

15వ ఆర్థిక సంఘం సొమ్ము మరో దారి. 2021 నుంచి 2026 వరకు పది లక్షలు దాటిన నగరాలకు విడిగా 38,196 కోట్లు కేటాయించారు. అందులో మూడింట రెండు వంతులు మంచినీరు, వాననీటి నిల్వ, నీటి పునర్వినియోగం, పారిశుద్ధ్యం, చెత్త పనులకు. మిగతాది గాలి శుభ్రతకు. 2026 ఏప్రిల్ నుంచి అయిదేళ్ల కాలం 16వ ఆర్థిక సంఘం లెక్కలోకి వస్తుంది. ఈ డబ్బు నగర పాలికె బడ్జెట్‌లో కలుస్తుంది కాబట్టి, బడ్జెట్ తయారయ్యే జనవరి, ఫిబ్రవరి నెలల్లో అడిగితే ఉపయోగం. ఏప్రిల్ దాటాక అడిగితే "వచ్చే ఏడాది చూద్దాం" అంటారు. పాలికె అంటే ఏది అన్నది కూడా ఇప్పుడు చూసుకోవాలి. 2025 సెప్టెంబరు నుంచి బీబీఎంపీ లేదు. గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద మధ్య, తూర్పు, పడమర, ఉత్తర, దక్షిణ అని అయిదు పాలికెలు వచ్చాయి. పాత అర్జీ నకలు పట్టుకుని పాత ఆఫీసుకు వెళ్లిన మా సభ్యుడొకరు ఒక పూటంతా పోగొట్టుకుని వచ్చారు.

మురుగు గొట్టం, మంచినీటి గొట్టం అయితే వాటర్ బోర్డు. వాన కాలువ, రాజకాలువ, చెరువు గట్టు అయితే పాలికె. ఈ తేడా తెలియకుండా రాసిన అర్జీలే సగానికి పైగా తిరిగొస్తాయి. మన వీధిలో మురుగు వాన కాలువలో పారుతుంటే ఇద్దరికీ రాయాలి. ఒక్కరికే రాస్తే వాళ్లు రెండోవాళ్ల మీదకు తోసేస్తారు.

కోర్టు ద్వారా కదిలిన డబ్బు కూడా మన కళ్ల ముందే ఉంది. బెళ్లందూరు చెరువులో నురగ రోడ్డు మీదకు ఎగిరిపడటం, 2015లో, 2017లో, 2018లో ఆ నీటి మీదే మంటలు లేవడం మనమందరం టీవీలో చూశాం. చుట్టుపక్కల మనవాళ్ల అపార్ట్‌మెంట్లు ఎన్నో. జాతీయ హరిత ట్రిబ్యునల్ తానుగా కేసు తీసుకుని, 2018 డిసెంబరులో చెరువుల పనికోసం 500 కోట్లు విడి ఖాతాలో వేయమని రాష్ట్రానికి చెప్పింది. దానికి తోడు రాష్ట్రం మీద 50 కోట్లు, బీబీఎంపీ మీద 25 కోట్లు వేసింది. బడ్జెట్‌లో ఏళ్ల తరబడి దొరకని డబ్బు ఒక ఉత్తర్వుతో పక్కకు తీయాల్సి వచ్చింది. అలాగని ప్రతి వీధి కాలువకూ కోర్టుకు వెళ్లమని మేము చెప్పం. అది పదేళ్ల పని.

ఈ మురుగు ఎటు పోతోందో కూడా చెప్పాలి, ఎందుకంటే అది మన ఇళ్లకే చేరుతోంది. 2018 నుంచి కోరమంగల, చల్లఘట్ట లోయల మురుగును శుద్ధి చేసి కోలారు జిల్లా చెరువులకు పంపుతున్నారు. పథకం సామర్థ్యం రోజుకు 44 కోట్ల లీటర్లు. ఖర్చు రాష్ట్ర ప్రభుత్వానిది, చిన్న నీటిపారుదల శాఖ చేతుల మీదుగా. హెబ్బాళ, నాగవార లోయల నీళ్లు చిక్కబళ్లాపుర వైపు వెళుతున్నాయి. కోలారు, శ్రీనివాసపుర, చింతామణి ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడని వీధి ఉంటుందా? మన సంఘంలో సగం మందికి అక్కడ అత్తవారిల్లో, మేనమామ పొలమో ఉంది. చెరువులు నిండి చుట్టూ బోర్లలో నీళ్లు పైకి వచ్చాయని రైతులు సంతోషిస్తున్నారు. రెండంచెల శుద్ధి చాలదు, మూడో అంచె కావాలని మరికొందరు మొదటి నుంచీ పట్టుబడుతున్నారు. మా మటుకు మేము మూడో అంచె కావాలనే అంటాం. ఆ నీళ్లు నేలలోకి దిగి, తర్వాత ఎవరి బోరులోనో మంచినీళ్లుగా బయటికొస్తాయి. 2018లో మొదటి నీళ్లు వెళ్లిన కొత్తల్లోనే లక్ష్మీసాగర చెరువులో నురగ వచ్చిన సంగతి అక్కడివాళ్లు మరచిపోలేదు. ఇక్కడ మనం సింకులో పోసే యాసిడ్, కాలువలో వంచే పెయింటు డబ్బా, అక్కడ మన చెల్లెలి చేను దాకా వెళ్లవచ్చు.

పల్లె సంగతి వచ్చింది కాబట్టి జల్ జీవన్ మిషన్ గురించి నాలుగు మాటలు. 2019 ఆగస్టు 15న మొదలైన ఈ పథకం పల్లెలకే. మన రాష్ట్రాల్లో కేంద్రం సగం, రాష్ట్రం సగం. ఊళ్లో వేసే గొట్టాల ఖర్చులో పదో వంతు, ఎస్సీ ఎస్టీలు ఎక్కువగా ఉన్న ఊళ్లలో ఇరవయ్యో వంతు, ఊరివాళ్లు డబ్బుగానో పనిగానో ఇవ్వాలన్నది నియమం. ప్రతి ఊళ్లో అయిదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పించి కిట్టు ఇవ్వాలని కూడా ఉంది. ఫ్లోరైడ్ ఉన్న అనంతపురం, కోలారు పల్లెలవాళ్లు సెలవులకు వెళ్లినప్పుడు ఆ కిట్టు ఎవరి దగ్గర ఉందో పంచాయతీలో అడగండి. చాలా చోట్ల బీరువాలో ఉంటుంది.

ఇప్పుడు మన అర్జీకి కదిలే నిధులు. ఎంపీకి ఏటా 5 కోట్లు, కర్ణాటకలో ఎమ్మెల్యేకి ఏటా 2 కోట్లు స్థానిక అభివృద్ధికి ఉంటాయి. మంచినీరు, మురుగు కాలువ పనులు వాటిలో చేయించవచ్చు. ఎంపీ చెక్కు ఇవ్వరు. సిఫారసు లేఖ ఇస్తారు, జిల్లా యంత్రాంగం పరిశీలించి పని చేయిస్తుంది. రెండు షరతుల దగ్గర మనవాళ్లు చిక్కుకుంటారు. ఒకటి, పని అందరికీ పనికొచ్చేదై ఉండాలి. గేటు వేసుకున్న అపార్ట్‌మెంట్ లోపల శుద్ధి యంత్రానికి రాదు. రోడ్డు ఇంకా పాలికెకు అప్పగించని ప్రైవేటు లేఔట్లలోనూ ఇదే ఇబ్బంది. కాబట్టి అన్నిటికంటే ముందు రోడ్డు ఎవరి పేరున ఉందో చూసుకోండి. రెండోది నిర్వహణ. కట్టేంతవరకే ఆ డబ్బు. తర్వాత కరెంటు బిల్లు, ఫిల్టర్ మార్పు ఎవరు చూస్తారో ముందే రాసివ్వాలి. రూపాయి నాణేలు వేస్తే ఇరవై లీటర్ల క్యాను నిండే నీటి కేంద్రాలు ఊళ్లో ఎన్నో ఉన్నాయి. తాళం పడ్డవీ తక్కువేం కాదు. కారణం అడిగితే ఎక్కడ చూసినా ఒకటే, మెంబ్రేన్ మార్చడానికి డబ్బు లేదని.

కంపెనీల సీఎస్ఆర్ సొమ్ము సర్కారుది కాదు గానీ చట్టం పెట్టించేది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. సురక్షిత మంచినీరు, పారిశుద్ధ్యం, నీటి నాణ్యత కాపాడటం, ఇవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. ఇది సంఘానికి నేరుగా రాగలదు. కానీ సంఘానికి రిజిస్ట్రేషన్, ఆదాయపు పన్ను శాఖ 12ఎ, 80జి పత్రాలు, 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 నంబరు ఉండాలి. లెక్కలు ఆడిట్ అయి ఉండాలి. మన సంఘానికి 80జి లేదు. దాని కోసం ఈ ఏడాదే దరఖాస్తు చేద్దామని కమిటీలో అనుకున్నాం. చెరువు బాగు చేసే పనికి ఇది బాగా సరిపోతుంది. జక్కూరు చెరువు దగ్గరకు వెళ్లి చూడండి. వాటర్ బోర్డు శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీళ్లు రెల్లు, జమ్ము పెరిగిన చిత్తడి నేల గుండా పోయి చెరువులో పడతాయి. సర్కారు కట్టినదాన్ని పక్కనున్న జనం కనిపెట్టుకుని ఉన్నారు కాబట్టి నిలిచింది.

వాననీటి గుంతకు సబ్సిడీ ఏమైనా ఉందా అని చాలామంది అడిగారు. ఇంటికి ఇచ్చే సబ్సిడీ సంగతి మాకు ఎక్కడా కనిపించలేదు, జరిమానా మాత్రం ఉంది. 2009 నుంచి 60-40 పాత స్థలాలకూ, 30-40 కొత్త కట్టడాలకూ అది తప్పనిసరి. పెట్టించకపోతే నీళ్ల బిల్లు మీద అదనం పడుతుంది. ఎలా పెట్టించాలో జయనగర్ అయిదో బ్లాకులో విశ్వేశ్వరయ్య గారి పేరున ఉన్న వాననీటి పార్కులో చూపిస్తారు.

అర్జీ రాయకముందే నీటి పరీక్ష చేయించండి. ఇదే మా ముఖ్యమైన మనవి. "నీళ్లు బాగాలేవు" అన్న అర్జీకి విలువ లేదు. "మూడు బోర్లలో నైట్రేటు పరిమితి దాటింది, ఇవిగో రిపోర్టులు" అంటే ఇంజనీరు కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు. భారత ప్రమాణం 10500 ప్రకారం లీటరుకు నైట్రేటు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఫ్లోరైడ్ 1, వేరే నీళ్లు దొరకకపోతే 1.5. ఈ.కోలి అసలు కనిపించకూడదు. యూజీడీ లేని వీధుల్లో ఇళ్ల మురుగు ఇంకుడు గుంతల్లోకే పోతుంది, పక్కనే బోరు ఉంటుంది. నైట్రేటు అలాగే వస్తుంది. కాస్తే పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆరు నెలల లోపు పసిబిడ్డకు అలాంటి నీళ్లతో పాలపొడి కలిపితే రక్తం ఆక్సిజన్‌ను మోయలేక ఒళ్లు నీలం తిరిగే ప్రమాదం ఉంది. "కాచి చల్లార్చి ఇస్తున్నాం కదా" అని మన అమ్మమ్మలు ధైర్యంగా ఉంటారు. క్రిములకు ఆ జాగ్రత్త సరిపోతుంది, నైట్రేటుకు సరిపోదు. చిన్నబిడ్డలున్న ఇళ్లవాళ్లు రిపోర్టు వచ్చేదాకా బోరు నీళ్లు పాలకు వాడకండి.

ఇక కాగితం పని. అర్జీ కన్నడలో ఉండాలి. రాయడం రానివాళ్లకు మేము రాసిపెడతాం, మాట్లాడటంలో మనకు లోటు లేదు, రాయడంలోనే తడబడతాం. దాంతో పాటు ఇళ్ల జాబితా, ఖాతా నకళ్లు, నీటి రిపోర్టులు, వీధి పటం, ఫొటోలు పెట్టాలి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద సీలూ, ఇన్‌వర్డ్ నంబరూ వేయించుకోండి. నంబరు లేని అర్జీ ఇచ్చినా ఇవ్వనట్టే. వాటర్ బోర్డు నీటి అదాలత్‌లు పెడుతుంది, 1916కు ఫోన్ చేస్తే మన సబ్ డివిజన్‌ది ఎప్పుడో చెబుతారు. మన వీధి ఏ పథకం జాబితాలో ఉంది, అంచనా ఎంత, టెండరు పిలిచారా అన్నది సమాచార హక్కు కింద పది రూపాయలతో అడగవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. కర్ణాటకలో ఒక దరఖాస్తులో ఒకే విషయం, 150 మాటలకు మించకుండా ఉండాలి. మా మొదటి దరఖాస్తు రెండు పేజీలు రాసి తిప్పించుకున్నాం.

ప్రస్తుతం సంఘం దగ్గర నాలుగు వీధుల ఫైళ్లు తయారవుతున్నాయి. వాటిలో రెండు వీధుల నీటి రిపోర్టులు చేరాయి, మిగతా రెండు రావాలి. యూజీడీ లేని ఇళ్లవాళ్లు ఖాతా నకలు, పాత వసూలు రసీదు దొరికితే అదీ తీసుకుని వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు సంఘం ఆఫీసుకు రండి. జనవరి లోపల ఇన్‌వర్డ్ నంబరు వేయించాలని ఉంది.